రొమ్ము పునర్నిర్మాణం: స్పర్శ కూడా కావాలంటే ఏ దారి ఎంచుకోవాలి?

మాస్టెక్టమీకి, అంటే రొమ్ము తీసే ఆపరేషన్‌కు ముందు జరిగే మాటలన్నీ దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. గడ్డ ఎంత ఉంది, చంకలోకి పాకిందా, కీమో ముందా తర్వాతా, రొమ్మును మళ్లీ కట్టాలంటే ఇంప్లాంట్ (లోపల అమర్చే సిలికాన్ సంచి) పెట్టాలా లేక పొట్ట దగ్గరి కొవ్వు తీసుకోవాలా. ఫొటోలు చూపిస్తారు. సైజు, ఆకారం, మచ్చ ఎక్కడ పడుతుంది, అన్నీ చెబుతారు. కొత్త రొమ్ముకు స్పర్శ ఉంటుందా అన్న మాట మాత్రం చాలాసార్లు ఎవరూ ఎత్తరు. ప్రాణభయంలో ఉన్న మనిషికి ఆ ప్రశ్న తోచదు, తోచినా అడగడానికి మొహమాటం. గాయం మానాక, ఎవరినో హత్తుకున్నప్పుడో, ఒళ్లు తుడుచుకుంటున్నప్పుడో తెలుస్తుంది: ఛాతీ మీద చెయ్యి పెడితే చేతికి తెలుస్తోంది గానీ ఛాతీకి తెలియడం లేదని.

నేను ఇక్కడ గట్టిగా చెప్పేది ఒకటే. స్పర్శ గురించిన నిర్ణయం రొమ్ము తీసే ఆపరేషన్‌కు ముందే జరగాలి. నరాలు తెగేది ఆ రోజే. తెగిన కొసలు శుభ్రంగా కనిపించేదీ ఆ రోజే. తర్వాత ఎప్పుడో పునర్నిర్మాణం నాడు చూసుకుందాం అనుకుంటే, ఆ కొసలు మచ్చ కణజాలంలో కూరుకుపోయి ఉంటాయి. అప్పుడు దారులు పూర్తిగా మూసుకుపోవు గానీ తగ్గుతాయి.

స్పర్శ ఎందుకు పోతుంది

రొమ్ముకు స్పర్శనిచ్చే నరాలు పక్కటెముకల మధ్య నుంచి వస్తాయి. కొన్ని చంక వైపు నుంచి, కొన్ని రొమ్ము ఎముక (ఛాతీ నడిమధ్య ఉండే ఎముక) పక్క నుంచి బయటికొచ్చి చర్మానికి చేరతాయి. రొమ్ము పైభాగానికి మెడ వైపు నుంచి దిగే నరాలు కూడా కొంత సాయం చేస్తాయి. చనుమొనకు ముఖ్యమైనది నాలుగో పక్కటెముక కింది నుంచి వచ్చే పక్క నరం. మూడోది, ఐదోది కూడా తోడుంటాయి. చాలామందిలో ఈ నాలుగో నరం ఛాతీ కండరం మీది పొర వెంబడి నడిచి, రొమ్ము వెనక నుంచి పైకి లేచి చనుమొనకు చేరుతుంది. మాస్టెక్టమీలో రొమ్ము కణజాలాన్ని సరిగ్గా ఆ పొర దగ్గరే ఛాతీ నుంచి వేరు చేస్తారు. పై చర్మం, చనుమొన అలాగే ఉంచినా, వాటికి కింది నుంచి వచ్చే నరం తెగిపోవడానికి కారణం ఇదే. రొమ్ము ఎముక పక్క నుంచి వచ్చే నరాలు చర్మం కిందే పైపైన నడుస్తాయి కాబట్టి వాటిలో కొన్ని మిగిలే అవకాశం కాస్త ఎక్కువ. ఆపరేషన్ తర్వాత లోపలి అంచున, పైభాగాన కొంచెం స్పర్శ మిగిలి, మధ్యలో మొద్దుగా ఉండటం చాలామంది చెప్పేదే.

చంక గ్రంథులు తీసినవాళ్లకు మోచేతికి పైన, చేతి లోపలి వైపు మొద్దుబారుతుంది. అది వేరే నరం పని. రొమ్ము స్పర్శ కోసం చేసే ఏ ప్రయత్నమూ దాన్ని బాగుచేయదు, రెండూ కలిపి ఆలోచించి నిరాశపడొద్దు.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు కావాల్సింది ఏ స్పర్శ?

స్పర్శ అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో నాలుగు వేర్వేరు అవసరాలున్నాయి. ఎంపిక కూడా దాన్నిబట్టే మారుతుంది.

మొదటిది కాపాడే స్పర్శ. వేడి, గుచ్చుకోవడం, నొక్కుకోవడం తెలియాలి. ఇది లేకపోతే ఏమవుతుందో కాస్త దగ్గరగా చూడండి. భుజం నొప్పిగా ఉందని ఒకామె హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని పడుకుంది. ప్యాడ్ జారి కొత్త రొమ్ము మీదికొచ్చింది. మామూలు చర్మమైతే చురుక్కుమని నిద్రలేపేది. ఇక్కడ ఏమీ తెలియదు. పైగా నరాలు తెగిన చర్మంలో రక్తనాళాలు వేడికి మామూలుగా వెడల్పు కావు, వచ్చిన వేడి అక్కడే నిలిచిపోతుంది. పొద్దున అద్దంలో చూసుకుంటే బొబ్బ. ఇలాంటి కాలిన గాయాలు వైద్య పత్రికల్లో మళ్లీమళ్లీ నమోదయ్యాయి: హీటింగ్ ప్యాడ్, వేడినీళ్ల సంచి, హెయిర్ డ్రయ్యర్, చివరికి ఎండ కూడా. 

రెండోది మామూలు తాకిడి. బట్ట రాసుకోవడం, కౌగిలింత తెలియడం, ఆ రొమ్ము తనదే అనిపించడం. మూడోది తలకిందుల కోరిక: స్పర్శ రావడం సంగతి అటుంచి నొప్పి లేకుండా ఉండాలి. తెగిన నరం కొస గడ్డకట్టి, వేలు తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టయ్యే పరిస్థితి కొందరికి వస్తుంది. నాలుగోది దాంపత్య సుఖానికి సంబంధించిన స్పర్శ. చనుమొన స్పర్శలోని ఆ ప్రత్యేకతను ఇప్పటికున్న ఏ ఆపరేషనూ నమ్మకంగా తిరిగి తేలేదు. కొందరికి కొంత వస్తుంది, చాలామందికి రాదు. ఈ సంగతి ముందే తెలిసి ఎంచుకోవడం వేరు, ఆశపడి తర్వాత తెలుసుకోవడం వేరు.

రొమ్మంతా తీయాల్సిందేనా?

ఇది స్పర్శ గురించిన ప్రశ్నలా కనిపించదు గానీ అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే పడుతుంది. గడ్డను మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చే పద్ధతిలో చాలా నరాలు మిగులుతాయి, చనుమొన స్పర్శ కూడా ఎక్కువమందికి చాలావరకు నిలుస్తుంది. అమెరికాలోను, ఇటలీలోను 20 ఏళ్లపాటు పేషెంట్లను గమనించి 2002లో ఫలితాలు ప్రకటించిన రెండు పెద్ద ట్రయల్స్ తేల్చిందేమిటంటే, తొలి దశ క్యాన్సర్‌లో ఈ పద్ధతికీ, రొమ్మంతా తీయడానికీ ప్రాణాలు నిలవడంలో తేడా లేదు. అందరికీ ఇది కుదరదు. గడ్డలు రొమ్ములో పలుచోట్ల ఉన్నా, రొమ్ము సైజుకు గడ్డ మరీ పెద్దదైనా, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ ఇచ్చి ఉన్నా, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ లాంటి జన్యు మార్పు ఉన్నా డాక్టర్లు వేరేలా చెప్పవచ్చు. కానీ రెండూ కుదురుతాయని డాక్టర్ చెప్పాక కూడా, భయంతో 'మొత్తం తీసేయండి' అనేవాళ్లున్నారు. అలా అనేముందు స్పర్శను కూడా తూకంలో వేయండి.

క్యాన్సర్ రాకుండా ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములూ తీయించుకునేవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, తొందర లేకుండా నిర్ణయించుకుంటారు. నరాల గురించి అడగడానికి, రెండో సర్జన్‌ను సంప్రదించడానికి వాళ్లకు సమయం ఉంటుంది. ఆ సమయం వాడుకోవాలి.

చనుమొన ఉంచే మాస్టెక్టమీ

ఇక్కడ ఒక అపోహ ఉంది: చనుమొన ఉంచితే స్పర్శ ఉంటుందని. చూడటానికి చనుమొన ఉంటుంది, స్పర్శ చాలాసార్లు ఉండదు, లేదా బాగా తగ్గుతుంది. కారణం పైన చెప్పుకున్న నాలుగో నరమే.

ఇటీవలి ఏళ్లలో కొందరు సర్జన్లు ఈ నరాన్ని వెతికి కాపాడే ప్రయత్నం చేస్తున్నారు. పక్కనుంచి వచ్చే నరం కొవ్వులో పైపైన నడుస్తుంటే దాన్ని రొమ్ము కణజాలం నుంచి విడదీసి ఉంచుతారు. అది రొమ్ము మధ్యలోంచే పోతుంటే కాపాడటం కుదరదు, కుదిరించాలని చూడటం కూడా మంచిది కాదు. నరం కోసం రొమ్ము కణజాలం వదిలేస్తే ఆపరేషన్ ఉద్దేశమే దెబ్బతింటుంది. అందుకే ఈ పద్ధతి ఎవరికి ఎంత పనిచేస్తుందనేది ఆ మనిషి శరీర నిర్మాణం మీద, గడ్డ ఉన్న చోటు మీద ఆధారపడి ఉంటుంది. గడ్డ చనుమొనకు దగ్గరగా ఉంటే ఈ మాటే ఎత్తనక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ మీతో మాట్లాడాల్సింది రొమ్ము తీసే సర్జన్. ప్లాస్టిక్ సర్జన్ ఎంత నిపుణుడైనా, ఆయన చేతికి వచ్చేసరికి నరం తెగి ఎటో పోయి ఉంటే చేయగలిగింది తక్కువ. ఇద్దరూ ఆపరేషన్‌కు ముందే ఈ విషయం మాట్లాడుకున్నారా అన్నది మీరు అడగాలి.

ఇంప్లాంట్: నరం కలపకుండా, కలిపి

ఇంప్లాంట్ చిన్న ఆపరేషన్, త్వరగా కోలుకుంటారు, శరీరంలో ఇంకో చోట కోత ఉండదు. ఈ సుఖాలకు విలువ ఉంది. స్పర్శ విషయానికొస్తే మాత్రం ఇది బలహీనమైన దారి. ఇంప్లాంట్‌లో నరం పెరగదు. దాని మీదున్న పలచని చర్మంలోకి అంచుల నుంచి నరాలు పాకాలి, అంతే. కొంత వస్తుంది, అంచుల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ. చలికాలంలో ఇంప్లాంట్ చల్లగా తగులుతుందని చెప్పేవాళ్లు ఎక్కువే.

నరం కలిపే పద్ధతిలో, తెగిన పక్క నరం కొసను చనుమొన అడుగుభాగానికి ఒక గ్రాఫ్ట్‌తో జోడిస్తారు. మధ్యలో కొన్ని సెంటీమీటర్ల దూరం ఉంటుంది కాబట్టి వంతెన లాంటిది కావాలి. ఆ వంతెనకు రెండు దారులు. ఒకటి మీ శరీరంలోని ఇంకో నరం, ఉదాహరణకు పిక్క వెనక నుంచి తీసేది. అలా తీస్తే పాదం బయటి అంచు మొద్దుబారుతుంది, ఒక చోటి స్పర్శ కోసం ఇంకో చోటిది ఇచ్చినట్టు. రెండోది దాతల నుంచి తీసుకుని, కణాలన్నీ తొలగించి శుద్ధి చేసిన నరం. అందులో బతికున్నది ఏమీ ఉండదు, మీ నరం పాకడానికి దారి మాత్రమే. కాబట్టి కిడ్నీ మార్పిడి తర్వాతలా రోగనిరోధక శక్తిని అణిచే మందులు అక్కర్లేదు. రొమ్ము కోసం ఇప్పుడు ఎక్కువగా వాడేది ఈ రెండోదే. ఖరీదు ఎక్కువ, అన్ని ఆసుపత్రుల్లోనూ దొరకదు, బీమా ఇస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఫలితాల గురించి నా అభిప్రాయం: ఇప్పటిదాకా వచ్చిన నివేదికలు ఆశ కలిగిస్తున్నాయి, కానీ అవి ఎక్కువగా ఈ పద్ధతిలో చేయి తిరిగిన కొద్దిమంది సర్జన్లు, జాగ్రత్తగా ఎంచుకున్న పేషెంట్ల మీద ఇచ్చినవి. చనుమొన ఉంచుతున్నారు, రేడియేషన్ ఉండదంటున్నారు, సర్జన్‌కు అనుభవం ఉంది అనుకుంటే ప్రయత్నించవచ్చు. చనుమొన తీసేస్తున్నప్పుడు ఇంప్లాంట్ మీద ఇంత ఖర్చుపెట్టి నరం కలిపించుకోవడం నాకైతే అంతగా సబబు అనిపించదు.

సొంత కణజాలం: ఫ్లాప్

స్పర్శ మీకు నిజంగా ముఖ్యమైతే ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

ఫ్లాప్ అంటే శరీరంలో ఇంకో చోటి చర్మం, కొవ్వు తెచ్చి రొమ్ము తయారుచేయడం. పొట్ట కింది భాగం నుంచి, కండరాన్ని ఉంచేసి చర్మం, కొవ్వు, వాటికి రక్తమిచ్చే నాళాలు మాత్రం తీసే పద్ధతిని డీఐఈపీ, వాడుకలో 'డీప్' ఫ్లాప్ అంటారు. 1989లో జపాన్ సర్జన్లు ఈ రకం ఫ్లాప్‌ను వివరించారు, 1994లో అమెరికాలో రొమ్ము కోసం వాడిన వివరాలు ప్రచురితమయ్యాయి. అంతకుముందు పొట్ట కండరాన్ని కూడా కలిపి తెచ్చేవారు. వీపు నుంచి, తొడ నుంచి, పిరుదు నుంచి కూడా ఫ్లాప్‌లు తీస్తారు. నరం కలపడంలో అనుభవం ఎక్కువగా పోగైంది మాత్రం పొట్ట ఫ్లాప్‌తోనే.

నరం కలపకపోయినా ఫ్లాప్‌లో కాలక్రమేణా కొంత స్పర్శ వస్తుంది. చుట్టూ ఉన్న చర్మం నుంచి, కింద ఛాతీ నుంచి నరాలు మెల్లగా లోపలికి పాకుతాయి. ఇంప్లాంట్‌లా కాకుండా ఇది బతికున్న కణజాలం కదా, నరం పెరగడానికి చోటుంది. కానీ అది నెమ్మదిగా, అక్కడక్కడా, ఎప్పుడొస్తుందో చెప్పలేనట్టుగా వస్తుంది. ఏళ్లు పట్టవచ్చు. కొందరికి నొక్కితే మాత్రం తెలుస్తుంది, వేడి తెలియదు.

నరం కలిపితే ఏం జరుగుతుందో ఆపరేషన్ థియేటర్‌లోకి తొంగి చూద్దాం. పొట్ట నుంచి ఫ్లాప్ విడదీస్తున్నప్పుడు సర్జన్‌కు కండరంలోంచి చర్మం వైపు వచ్చే సన్నని తెల్లని తీగ కనిపిస్తుంది. పదో పక్కటెముక మొదలు పన్నెండో దాని దాకా కింది నుంచి వచ్చే నరాల కొమ్మ అది. అందులో కండరాన్ని కదిలించే భాగాన్ని వదిలేసి, స్పర్శ భాగాన్ని మాత్రం కొన్ని సెంటీమీటర్ల పొడవుతో ఫ్లాప్‌తో పాటే తీసుకుంటారు. ఇక ఛాతీ దగ్గర, ఫ్లాప్ రక్తనాళాలను కలపడానికి ఎలాగూ రొమ్ము ఎముక పక్కన పక్కటెముకల మధ్య తెరుస్తారు. ఆ కిటికీలోనే ఛాతీ ముందు నరం, తరచుగా మూడోది, బయటపడుతుంది. మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కంటే సన్నని దారంతో ఆ రెండు కొసలనూ కలుపుతారు. అందనంత దూరముంటే మధ్యలో గ్రాఫ్ట్ పెడతారు. ఫ్లాప్ ఆపరేషన్‌కే గంటలు గంటలు పడుతుంది, నరం కలపడానికి అదనంగా పట్టేది సాధారణంగా గంటలోపే. కొత్తగా కోత పెట్టాల్సిన పని కూడా లేదు. పొట్టలోని ఆ స్పర్శ నరం ఎలాగూ తెగేదే కాబట్టి దాన్ని వాడుకోవడం వల్ల కొత్తగా పోయేది దాదాపు ఏమీ లేదు.

అందుకే నా మాట ఇది: ఎలాగూ ఫ్లాప్ చేయించుకుంటున్నప్పుడు, ఆ ఆసుపత్రిలో నరం కలపడం వచ్చినవాళ్లుంటే, వద్దనడానికి నాకు కారణం కనిపించదు. కానీ నరం కోసమే ఫ్లాప్ ఎంచుకోవడం వేరే సంగతి. ఫ్లాప్ పెద్ద ఆపరేషన్. పొట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మచ్చ పడుతుంది. ఆ మచ్చ చుట్టూ పొట్ట చర్మం కూడా మొద్దుబారుతుంది, ఈ సంగతి ముందు చెప్పేవాళ్లు తక్కువ. అరుదుగా రక్తనాళం మూసుకుపోయి ఫ్లాప్ మొత్తం పోవచ్చు. ఆకారం, రేడియేషన్, ఆరోగ్యం, ఒంటి తీరు, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారా లేదా, వీటిని బట్టి ఫ్లాప్‌కు మొగ్గితే అప్పుడు నరాన్ని దానికి జోడించండి.

బెల్జియంలోని ఘెంట్‌లో ఫిలిప్ బ్లాండీల్ బృందం 1999లోనే నరం కలిపిన ఫ్లాప్‌లనూ కలపనివాటినీ పోల్చి చూసింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ సహా చాలా చోట్ల అధ్యయనాలు జరిగాయి. మొత్తం మీద కనిపించేది ఇది: నరం కలిపితే స్పర్శ త్వరగా మొదలవుతుంది, ఎక్కువ మేర వస్తుంది, మెరుగ్గా ఉంటుంది. పరీక్షలో కనిపించిన ఆ తేడా రోజువారీ జీవితంలో ఎంత సంతోషంగా మారుతుందన్న దగ్గర మాత్రం అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. ఇది నాకు ఆశ్చర్యం కలిగించదు. ఆరోగ్యమైన రొమ్ముతో పోల్చుకునేవాళ్లకు ఎంతొచ్చినా తక్కువే, పూర్తి మొద్దుతో ఏళ్లు గడిపినవాళ్లకు కొంచెమొచ్చినా గొప్పే.

ఒక చిన్న మెలిక ఉంది. చర్మం ఉంచి రొమ్ము తీసి, అదే రోజు ఫ్లాప్ పెడితే, ఫ్లాప్ చాలావరకు మీ సొంత చర్మం కిందకే పోతుంది, పైకి కనిపించే ఫ్లాప్ చర్మం తక్కువ. అప్పుడు కలిపిన నరం ముందు ఫ్లాప్ గుండా పెరిగి, ఆ తర్వాత పై చర్మంలోకి పాకాలి. అలా పాకుతుందని సూచించే అధ్యయనాలున్నాయి. పునర్నిర్మాణం ఆలస్యంగా చేసినప్పుడు మాత్రం పైన ఎక్కువ భాగం పొట్ట చర్మమే ఉంటుంది, కాబట్టి నరం కలిపిన తేడా నేరుగా తెలుస్తుంది.

చదునుగా ఉంచేయడం

పునర్నిర్మాణం వద్దనుకుని ఛాతీని చదునుగా, చక్కగా మూయించుకోవడం కూడా ఒక ఎంపికే. స్పర్శ ఇక్కడ కూడా తగ్గుతుంది, కానీ చర్మం నేరుగా ఛాతీ మీద అతుక్కుని ఉంటుంది కాబట్టి, లోపల నొక్కింది తెలుస్తుంది. కొత్త రొమ్ము పరాయిదిలా ఉంటుందన్న బెంగ ఉన్నవాళ్లు దీన్ని తీసిపారేయకుండా ఆలోచించాలి.

తూకాన్ని మార్చేవి

రేడియేషన్ అన్నిటికంటే పెద్దది. అది కణజాలాన్ని గట్టిపరుస్తుంది, నరం పెరిగే దారిని పాడుచేస్తుంది, ఇంప్లాంట్ చుట్టూ పొర బిగుసుకునేలా చేస్తుంది. రేడియేషన్ తప్పదని తెలిస్తే ఇంప్లాంట్ కంటే ఫ్లాప్‌కు మొగ్గడానికి స్పర్శ ఒక్కటే కాక వేరే కారణాలూ ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ నరం నెమ్మదిగా పెరుగుతుంది. సిగరెట్, అదుపులో లేని షుగర్ నరానికీ గాయానికీ రెండిటికీ చేటు. టాక్సేన్ రకం కీమో మందులు చేతులు, కాళ్ల నరాలనే దెబ్బతీస్తాయని తెలిసిందే, కాబట్టి ఆ మందులు ఎప్పుడు ఇస్తారో సర్జన్‌తో మాట్లాడుకోవడం మంచిది. క్యాన్సర్ చికిత్సను మాత్రం స్పర్శ కోసం ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు.

కాలం సంగతి: కలిపిన నరం, అన్నీ సవ్యంగా ఉంటే, రోజుకు సుమారు 1 మిల్లీమీటర్ పెరుగుతుంది. అంటే నెలకు సుమారు 3 సెంటీమీటర్లు. కుట్టు దాటడానికే కొన్ని వారాలు పోతాయి. మొదటి నెలల్లో ఏమీ తెలియకపోతే నరం పనిచేయలేదని అనుకోవద్దు. ఆపరేషన్ ఫలితం ఇంతే అని తేల్చడానికి ఏడాదిన్నర, రెండేళ్లు ఆగాలి. మధ్యలో చీమలు పాకినట్టు, జివ్వుమన్నట్టు, ఒక్కోసారి సూదులు గుచ్చినట్టు అనిపిస్తుంది. ఇది చాలావరకు మంచి సూచనే.

సర్జన్ దగ్గర ఏం అడగాలి

'స్పర్శ తిరిగొస్తుందా' అని అడిగితే 'వస్తుందండీ' అనే జవాబు వస్తుంది. దాంతో ఏమీ తేలదు. ఎన్ని ఆపరేషన్లలో నరం కలిపారు, ఏ నరాన్ని దేనికి కలుపుతారు, గ్రాఫ్ట్ వాడతారా, తర్వాత స్పర్శను ఎలా కొలుస్తారు అని అడగండి. చివరి ప్రశ్న ముఖ్యం. కొలిచే అలవాటు లేని చోట ఫలితాల గురించి చెప్పేది నమ్మకం మీద చెప్పే మాటే.

కొలిచే పద్ధతి కష్టమైనదేమీ కాదు. సెమ్స్-వైన్‌స్టైన్ మోనోఫిలమెంట్లని నైలాన్ పోగుల సెట్ ఉంటుంది. ఒక్కో పోగు ఒక్కో బరువు దగ్గర వంగుతుంది. మీరు కళ్లు మూసుకుంటే, పోగును చర్మానికి నిలువుగా ఆనించి వంగేదాకా నొక్కుతారు. తెలిస్తే 'ఊఁ' అనాలి. సన్నని పోగు 0.07 గ్రాముల దగ్గర వంగుతుంది, అది తెలిసిందంటే స్పర్శ దాదాపు మామూలే. అన్నిటికంటే మొద్దు పోగు 300 గ్రాముల దాకా నొక్కుతుంది, అది కూడా తెలియకపోతే అక్కడ స్పర్శ లేనట్టే. రొమ్మును భాగాలుగా విడగొట్టి ఒక్కో చోట చూస్తారు. ఈ పరీక్ష ఆపరేషన్‌కు ముందు కూడా ఒకసారి చేయించుకోండి. మీ మామూలు ఎంతో తెలియకుండా తర్వాత ఎంతొచ్చిందో చెప్పడం కష్టం, పైగా అందరి మామూలూ ఒకటి కాదు.

'పూర్తిగా తిరిగొస్తుంది' అని ప్రకటనలో చూస్తే కాస్త జాగ్రత్త. నరం గ్రాఫ్ట్ తయారుచేసే కంపెనీలకు తమ సరుకు అమ్ముకునే అవసరం ఉంది. దాంట్లో తప్పేమీ లేదు, మీ నిర్ణయం మాత్రం దాని మీద నిలబడకూడదు.

ఇంత చదివాక ఇంకా తేలకపోతే నేనైతే ఇలా చూస్తాను. కాపాడే స్పర్శ, మామూలు తాకిడి కావాలి, ఒంటికి పెద్ద ఆపరేషన్ తట్టుకునే శక్తి ఉంది, రేడియేషన్ ఉండొచ్చు అంటే నరం కలిపిన ఫ్లాప్. ముందుజాగ్రత్త ఆపరేషన్, చనుమొన ఉంచుతున్నారు, చిన్న రొమ్ము, త్వరగా పనిలోకి వెళ్లాలి అంటే నరాన్ని కాపాడుతూ లేదా గ్రాఫ్ట్‌తో కలుపుతూ ఇంప్లాంట్. స్పర్శ కంటే త్వరగా కోలుకోవడమే ముఖ్యమైతే మామూలు ఇంప్లాంట్ లేదా చదును, ఏ అపరాధభావమూ లేకుండా. దాంపత్య స్పర్శ మొదటి స్థానంలో ఉంటే, రొమ్ము ఉంచే ఆపరేషన్ కుదురుతుందా అన్న ప్రశ్నకే మళ్లీ వెళ్లాలి, మిగతావన్నీ దాని తర్వాతే.

ఆపరేషన్ ఎప్పుడో అయిపోయినవాళ్లకు

ఇంప్లాంట్ ఉండి, దాన్ని ఎలాగూ తీయించి ఫ్లాప్‌కు మారాలనుకుంటున్నారా? ఆ మార్పుతోపాటే నరం కలపమని అడగవచ్చు. రొమ్ము ఎముక పక్కన ఉండే నరం కొస ఏళ్ల తర్వాత కూడా వాడుకోదగ్గదిగా దొరుకుతుంది. ఫ్లాప్ ఇదివరకే ఉండి నరం కలపకపోతే, దాని కోసమే మళ్లీ తెరవడం చాలామంది సర్జన్లు చేయరు.

కత్తి లేకుండా చేయగలిగింది ఒకటుంది, స్పర్శ శిక్షణ. చేతి నరాలు తెగినవాళ్లకు చాలాకాలంగా చేయిస్తున్నదే ఇది. మెత్తటి బట్ట, బ్రష్, దూది, కాస్త గరుకు తువ్వాలు తీసుకుని రోజూ కాసేపు రాయాలి. ముందు అద్దంలో చూస్తూ, ఎక్కడ తగులుతోందో మనసు పెట్టి గమనించాలి. తర్వాత కళ్లు మూసుకుని. అదే బట్టతో స్పర్శ ఉన్న పక్క రాసి, వెంటనే మొద్దు పక్క రాసి పోల్చాలి. నరం నుంచి వచ్చే కొత్త సంకేతాలను గుర్తుపట్టడం మెదడు నేర్చుకోవాలి, ఈ అభ్యాసం అందుకు. చేతుల మీద ఉన్నంత రుజువు రొమ్ము విషయంలో ఇంకా లేదు, కానీ ఖర్చు లేదు, హాని లేదు. గాయం పూర్తిగా మానాక, డాక్టర్ సరేనన్నాక మొదలుపెట్టండి. వేడి, చలి వస్తువులతో మాత్రం ఈ అభ్యాసం చేయొద్దు, కాలిందీ తెలియదు, గడ్డకట్టిందీ తెలియదు.

షికాగో విశ్వవిద్యాలయంలో బయోనిక్ రొమ్ము పేరుతో ఒక ప్రాజెక్ట్ నడుస్తోంది. చర్మం కింద ఒత్తిడిని పసిగట్టే సెన్సర్ పెట్టి, ఆ సంకేతాన్ని మిగిలిన నరాలకు అందించాలన్నది ఆలోచన. ఇంకా పరిశోధన దశలోనే ఉంది, దాని కోసం ఇప్పటి నిర్ణయం ఆపుకోనక్కర్లేదు.

నెలలు గడిచినా ఒకే చోట వేలు పెడితే షాక్ కొట్టినట్టు నొప్పి వస్తుంటే, ముఖ్యంగా చంక వైపు అంచున, అది నరం కొస గడ్డ కావచ్చు. 'ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉంటుంది' అని సర్దిచెప్పి పంపితే ఊరుకోకండి. ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నొప్పి కాసేపు పోతే కారణం దొరికినట్టే. ఆ గడ్డ తీసి, నరం కొసను ఇంకో నరానికి కలపడమో, కండరంలో పాతిపెట్టడమో చేసే పద్ధతులున్నాయి. నరాల మీద పనిచేసే ప్లాస్టిక్ సర్జన్‌ను అడగండి.